ఎంగిలెరగని సబ్బుబిళ్ళ

ఆ వీధిలో ఆమెను అందరూ సబ్బుబిళ్ళ అనేవారు. మొహమ్మీద అనేవారు కాదు గానీ, ఆ మాట ఆమె చెవిన పడకూడదని ఎవరూ పెద్దగా జాగ్రత్తపడేవారూ కాదు. ఆమే పట్టించుకునేది కాదు. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా అప్పుడే కడుక్కొచ్చినట్టుండే చేతులతో కనిపించేది. పని కళ్ళజోళ్ళ దుకాణంలో. ముందు గదిలో యజమాని ఫ్రేములు చూపిస్తూ వచ్చినవాళ్ళతో కబుర్లాడుతుంటే, వెనక గదిలో ఈమె నీళ్ళు చిమ్మే సానచక్రం ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీస్తూ ఉండేది. కాస్త ఎక్కువ అరిగితే అద్దం వదులై ఊడిపోతుంది, తక్కువ అరిగితే బిగుసుకుని ఎప్పుడో ఒకనాడు చిట్లుతుంది. చూపు సరిగ్గా ఆనాల్సిన చోట సిరాచుక్క పెట్టుకుని, ఆ చుక్క పక్కకు జరక్కుండా అరగదీయాలి. ఆ పనిలో ఆమెది తిరిగిన చెయ్యి.

దుకాణానికి రోజూ తన కప్పు తనే తెచ్చుకునేది. ఎవరైనా కొరికిన పండు అందిస్తే మొహమాటంగా నవ్వి తల అడ్డంగా ఊపేది. ఎవరి ఎంగిలీ ముట్టదు, తన ఎంగిలి ఎవరికీ పెట్టదు. గర్వం అనుకునేవాళ్ళు కొందరు. అలవాటు అంతే. పెరిగిన తీరు అది.

ఆమె పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోయింది. అంతకు ముందే ఒక అన్న పుట్టి, నడకన్నా రాకముందే గొంతుకు ఏదో జబ్బు సోకి చనిపోయాడట. చూడ్డానికొచ్చిన చుట్టాలెవరో దగ్గుతూనే వాణ్ణి ముద్దులాడారని తండ్రి నమ్మకం. అది నిజమో కాదో ఎవరికీ తెలియదు. ఆయన పాలకేంద్రంలో పనిచేసేవాడు. వెనక్కొచ్చిన పాలసీసాలు కడిగి, ఆవిరి పట్టి, వరసగా బోర్లించడం ఆయన వంతు. వేడినీళ్ళకు మించిన మందు లోకంలో లేదని ఆయన లెక్క. చేతిలో మిగిలిన ఒక్క పసిగుడ్డును ఆ లెక్క ప్రకారమే పెంచాడు. డబ్బాపాలు, మరిగించిన సీసా. ఆమె పళ్ళెం వేరు, గ్లాసు వేరు, తువ్వాలు వేరు. వాకిట్లోకి ఎవరొచ్చినా, "దూరం నుంచి చూడండి, ఎత్తుకోవద్దు," అనేవాడు. ఆ చట్టం తనకు కూడా వర్తింపజేసుకున్నాడు. జ్వరమొస్తే రాత్రంతా మంచం పక్కన కుర్చీలో కూర్చునేవాడు గానీ, కూతురి నుదుటి మీద ముద్దుపెట్టిన పాపాన పోలేదు. ఆమెకు అది లోటని తెలియదు. బడిలో వేరే పిల్లల తండ్రులు గేటు దగ్గర వంగి ముద్దులు పెడుతుంటే, పాపం వాళ్ళకి ఎవరూ చెప్పలేదేమో అనుకునేదట.

పెళ్ళి కుదరలేదు. కుదరలేదనే కంటే, కుదర్చాలని ఆమే గట్టిగా అనుకోలేదనడం సబబు. తండ్రీ కూతుళ్ళిద్దరూ దుకాణానికి దగ్గర్లోనే రెండు గదుల ఇంట్లో, మాటామంతీ తక్కువైనా సర్దుకుపోయి బతికేవారు.

దుకాణానికి ఎదురుగా ఆసుపత్రి. దాని పక్కసందులో రక్తనిధి. ఒకరోజు మధ్యాహ్నం పనిలేక, బయట బోర్డు మీద "రక్తం కావాలి" అని రాసి ఉంటే లోపలికెళ్ళింది. అక్కడ అందరూ నర్సక్క అని పిలిచే ఒక పెద్దావిడ ఉండేది. బొద్దుగా, మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవడానికి విసుక్కుంటూ, నోరు మాత్రం విశ్రాంతి లేకుండా ఉండే మనిషి. రెండోసారి వెళ్ళినప్పుడు నర్సక్క ఆమెను పక్కకు పిలిచింది.

"నీ రక్తంలో ఒకటి లేదమ్మాయ్," అంది.

"ఏం లేదక్కా?"

"కంగారుపడకు. లేకపోవడమే మంచిది. ఒక వైరస్ ఉంది. మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చేస్తుంది. తల్లిపాల్లోనో, పక్కపిల్లల ఎంగిలిలోనో. వచ్చిందని కూడా తెలీదు, ఏ రొంపో అనుకుంటాం. ఇంక ఒంట్లోంచి పోదు. చచ్చేదాకా మనతోనే, ఓ మూల పడుంటుంది. నాకుంది, ఇక్కడి డాక్టరుకుంది, నీ దుకాణం యజమానికి కచ్చితంగా ఉండుంటుంది. నీకు లేదు."

"ఉంటే ఏమవుతుంది?"

"నీకూ నాకూ ఏమీ కాదు. కానీ నెలలు నిండకుండా పుడతారే, అరచేతిలో పట్టే పిల్లలు, వాళ్ళ ఒంట్లో కాపలా ఇంకా తయారై ఉండదు. వాళ్ళకి ఇది సోకితే ప్రమాదం. అందుకే వాళ్ళకి నీలాంటి వాళ్ళ రక్తం వెతుక్కుంటాం. నువ్వు దొరకడం మా అదృష్టం."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి మామూలుగానే నడిచి వెళ్ళింది, మామూలుగానే తండ్రికి భోజనం వడ్డించింది. కానీ లోపల ఏదో వెలిగించినట్టుంది. ఇన్నేళ్ళు ఎవరికీ దగ్గర కాకుండా బతికిన బతుకు, ఎక్కడో గాజుపెట్టెలో ముడుచుకుని పడుకున్న పసికందుకు పనికొచ్చిందన్నమాట. అప్పట్నుంచి రక్తనిధి వాళ్ళు ఎప్పుడు పిలిచినా చేతిలో పని అక్కడే పెట్టి వెళ్ళేది. ఎవరికిచ్చారని అడిగేది కాదు. ఒక్కసారి మాత్రం నర్సక్క తనంతట తనే, "మొన్నటి పిల్ల ఇంటికెళ్ళిపోయింది," అని చెప్పింది. ఆ రోజు ఆమె సానచక్రం ముందు కూర్చుని కూనిరాగం తీస్తుంటే యజమాని ముందు గదిలోంచి తొంగిచూసి వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఆ తర్వాత ఒక వర్షాకాలంలో పిన్ని కూతురు వచ్చింది. చిన్నప్పుడు నాలుగు మాటలు కలిసిన చెల్లెలే గానీ, ఆ తర్వాత రాకపోకలు లేవు. మొగుడితో పొసగక ఒక పెట్టె, చంకలో రెండేళ్ళ ఆడపిల్లతో గుమ్మంలో నిలబడింది. "రొట్టెల బేకరీలో పని దొరికిందక్కా. గది దొరికేదాకా ఉండనిస్తావా?" అని అడిగింది. తండ్రి ముఖం చిట్లించాడు. ఆమె మాత్రం పక్కకు తప్పుకుని దారిచ్చింది.

ఆ పిల్ల గుండ్రంగా, బుగ్గలు ఉబ్బి ఉండేది. వాళ్ళమ్మ బుడంకాయ అని పిలిచేది, ఇంట్లో అందరికీ అదే పేరైపోయింది. బుడంకాయకి లోకంలో ప్రతీదీ నోట్లో పెట్టి చూడాల్సిన వస్తువే. చెప్పు, చీపురు, పెద్దమ్మ కళ్ళజోడు, తాత చేతికర్ర పిడి. తను సగం చప్పరించింది పక్కవాళ్ళ నోట్లో కుక్కితే గానీ తృప్తి లేదు.

బేకరీ పని తెల్లవారకముందే మొదలవుతుంది. అందుకని పొద్దున్నే పిల్లను లేపి, మొహం కడిగి, క్రెష్‌లో దింపే పని పెద్దమ్మకు పడింది. ఆమె వెంటనే రక్తనిధికి వెళ్ళి, పిల్లకు ఆ వైరస్ ఉంటుందా అని నర్సక్కను అడిగింది.

"క్రెష్‌కి వెళ్ళే పిల్లలా? ఉండే ఉంటుందమ్మా," అంది నర్సక్క. "ఒకరి బొమ్మ ఒకరు చప్పరిస్తారు కదా. నెలల తరబడి లాలాజలంలో వస్తూనే ఉంటుంది. అలాగని భయపడి చావకు. ఎత్తుకో, ఆడించు. ఎంగిలి తినకు, మూతిమీద ముద్దులొద్దు, చేతులు కడుక్కో. నీకు కొత్తేం కాదుగా అది."

కొత్త కాదు నిజమే. కానీ ఎదుటివాళ్ళు పెద్దవాళ్ళైతే ఒక తీరు, రెండేళ్ళ పిల్లైతే ఇంకో తీరు. బుడంకాయ ముద్దుపెట్టడానికి మూతి ముందుకు చాపి వస్తే ఈమె మొహం పక్కకు తిప్పేది. కొరికిన బిస్కెట్టు నోటికందిస్తే చేత్తో తీసుకుని, తిన్నట్టు నటించి జేబులో వేసుకునేది. పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, అన్నీ తెలిసిపోతాయి. కొన్నాళ్ళకి బుడంకాయ మొహం దగ్గరికి రావడం మానేసింది. క్రెష్ గుమ్మంలో దింపి వెళ్ళిపోయేటప్పుడు ఆమె దుకాణం కోటు అంచు పట్టుకుని, ఆ గుడ్డకు ముద్దుపెట్టి లోపలికి పరిగెత్తేది. అద్దాల పొడి అంటుకున్న ముతక గుడ్డ అది. మొదటిసారి చూసినప్పుడు ఆమె వీధి మలుపులో నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకుంటే కళ్ళజోడుకు తడి అంటుకుంది.

ఒక మధ్యాహ్నం క్రెష్ నుంచి దుకాణానికి ఫోనొచ్చింది. పిల్లకి వాంతులు, ఒళ్ళు కాలిపోతోంది, వచ్చి తీసుకెళ్ళమన్నారు. చెల్లెలు బేకరీ సరుకుతో వేరే ఊరు వెళ్ళింది, సాయంత్రానికి గానీ రాదు. ఆమె చక్రం ఆపి పరిగెత్తింది. డాక్టరు చూసి, "భయం లేదు, కడుపులో తేడా చేసింది. కానీ ఒంట్లో నీళ్ళు అడుగంటుతున్నాయి. ఈ పొడి కలిపిన నీళ్ళు చెంచా చెంచా పట్టించండి. పట్టకపోతే సూది గుచ్చి ఎక్కించాలి," అన్నాడు.

ఇంటికి తీసుకొచ్చి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పెదాలు ఎండిపోయాయి. చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్తే బుడంకాయ పళ్ళు బిగించింది. బుజ్జగించింది, కిటికీలోంచి బస్సులు చూపించింది, తాత చేత పిల్లిలా అరిపించింది. లాభం లేకపోయింది.

చివరికి బుడంకాయ నీరసంగా చెంచాను ఆమె వైపు తోసింది. "నువ్వు ముందు."

ఆమె వంటగదిలోంచి ఇంకో చెంచా తెచ్చుకుని, దాంతో ఒక గుటక తాగి చూపించింది. పిల్ల ఆ చెంచా చూసింది, ఈ చెంచా చూసింది. తల అటు తిప్పేసింది. జేబులోకి పోయిన బిస్కెట్లన్నీ దానికి గుర్తున్నాయి కాబోలు.

"అదే చెంచా," అంది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి.

ఆమెకు గాజుపెట్టెల్లోని పిల్లలు గుర్తురాకపోలేదు. ఆమె ఎప్పుడూ చూడని పిల్లలు వాళ్ళు, అయినా తనవాళ్ళే అనుకుంది ఇన్నాళ్ళూ. ఒళ్ళోనిది మాత్రం వెచ్చగా, బరువుగా, కళ్ళు సగం మూసుకుని ఎదురుచూస్తోంది. పిల్ల పెదాలకు తగిలిన ఆ చెంచాతోనే నీళ్ళు తీసుకుని తన నోట్లో పోసుకుంది. ఉప్పగా, కాస్త తియ్యగా ఉంది. బుడంకాయ నోరు తెరిచింది. నీకొకటి, నాకొకటి అనుకుంటూ సాయంత్రానికి గిన్నె ఖాళీ అయింది. ఎదురుగా కుర్చీలో తండ్రి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చేతికర్రను నేలకేసి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

రెండు రోజులకు పిల్ల తేరుకుని ఇల్లు పీకి పందిరేసింది. ఆ తర్వాత మూతి చాపి వచ్చినా పెద్దమ్మ తప్పించుకోలేదు. ఇంక తప్పించుకుని లాభం లేదనుకుందో, తప్పించుకోవాలనిపించలేదో, ఆమే చెప్పలేకపోయేది.

నెల పైన గడిచాక ఆమెకు సన్నగా జ్వరం పట్టుకుంది. గొంతు పక్కన బిళ్ళలు కట్టాయి. మెట్లెక్కితే ఆయాసం, సానచక్రం ముందు కూర్చుంటే కునుకు. అది కాస్త తగ్గాక రక్తనిధికి వెళ్ళి నర్సక్క ముందు నిలబడింది.

"ఈసారి నన్ను పిలవకండక్కా. పిలిచినా పసిపిల్లలకి ఇవ్వకండి. ముందు పరీక్ష చేయండి."

పరీక్షలో తేలింది. నర్సక్క కాగితం పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, ఆమె పక్కన బల్ల మీదకొచ్చి కూర్చుంది.

"వచ్చేసిందమ్మా."

ఆమె తలవంచుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. నర్సక్క ఆపలేదు.

"ఆ చెంచా వల్లేనా?" అని అడిగింది చివరికి.

"ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత పెట్టిన ముద్దు కావచ్చు, ముక్కు తుడిచిన గుడ్డ కావచ్చు. నువ్వేం తప్పు చేశావని? పిల్లకి నీళ్ళు పట్టావు."

"ఇది నా ఒంట్లో ఇంక ఏం చేస్తుంది?"

"నిద్రపోతుంది. అప్పుడప్పుడు కళ్ళు తెరిచి చూస్తుంది. నీ ఒంట్లో రోగాల్ని గుర్తుపెట్టుకునే కణాలుంటాయి చూడు, వాటిలో కొన్ని దీని మీద కాపలాకే ఉండిపోతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాపలా పెరుగుతుంది. మా డాక్టరు చెప్తుంటాడు, అచ్చు ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి ఇది వచ్చి ఇంకొకరికి రాకపోతే, పెద్దయ్యాక ఇద్దరి రోగనిరోధక వ్యవస్థా వేరువేరుగా తయారవుతుందట. అంటే చిన్నప్పట్నుంచి మనం ఎవరెవరి దగ్గర ఏమేం అంటించుకున్నామో, దాన్నిబట్టే మన ఒళ్ళు కాపలా కాయడం నేర్చుకుంటుందన్నమాట."

"అది మంచిదా, చెడ్డదా?"

"అది అడిగితే పెద్ద పెద్దవాళ్ళే నీళ్ళు నములుతారు. వయసులో ఉన్నవాళ్ళకి వేరే జబ్బుల మీద కాస్త చురుకు వస్తుందేమో అంటారు కొందరు. ముసలితనంలో బరువవుతుందేమో అంటారు. ఇంకా చూస్తున్నారు. నన్నడిగితే, నువ్వూ అందరిలో ఒకదానివయ్యావు, అంతే. కొన్నాళ్ళాగి మళ్ళీ రా. నీ రక్తం పెద్దవాళ్ళకి పనికొస్తుంది."

ఇంట్లో సంగతి దాచలేకపోయింది. అది విన్న తండ్రి మర్నాడు పొద్దున్నే పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, ఇంట్లోని చెంచాలు, గ్లాసులు, బుడంకాయ బొమ్మలు అన్నీ అందులో పడేశాడు. ప్లాస్టిక్ బాతు ఒకటి కరిగి ముద్దైపోయింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. చెల్లెలు మొహం కందగడ్డలా చేసుకుని, "గది చూసుకుంటానక్కా, పెదనాన్నకి మేమంటే పడట్లేదు," అని పెట్టె కిందికి దించింది.

"పెట్టె పైన పెట్టు," అంది ఆమె. తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, చొక్కా మార్చుకో. నాతో రా."

ఆయన్ను నర్సక్క దగ్గరికి తీసుకెళ్ళింది. దారి పొడుగునా ఆయన సణుగుతూనే ఉన్నాడు. అక్కడ కూర్చున్నాక నర్సక్క మీద కూడా విరుచుకుపడ్డాడు.

"నలభై ఏళ్ళు కంటికి రెప్పలా కాచాను. ఒక్క మధ్యాహ్నంలో అంతా నీళ్ళపాలైంది. మా ఇంట్లో ఆ దరిద్రం లేదు. నేను పళ్ళెం కూడా ఆవిరి పట్టందే ముట్టను."

"మీకు లేదని ఎవరన్నారు పెద్దాయనా?" అంది నర్సక్క నెమ్మదిగా. "చెయ్యి ఇలా ఇవ్వండి, చూద్దాం."

ఫలితం కోసం మళ్ళీ రావలసి వచ్చింది. ఆయనకుంది. ఈనాటిది కాదు, ఏనాడో వచ్చింది. తల్లి దగ్గరో, తోడబుట్టినవాళ్ళ దగ్గరో, ఊహ తెలియకముందే వచ్చి ఉంటుందని చెప్పింది నర్సక్క.

ఆయన చేతికర్ర పిడి మీద బొటనవేలు అటూ ఇటూ రుద్దుకున్నాడు.

"అంటే, ఇది నాలోనే ఉందన్నమాట. ఇన్నేళ్ళూ," అన్నాడు. "మేం ఏడుగురం. ఒకటే పళ్ళెం. మా అమ్మ నమిలి పెట్టేది." ఆ తర్వాత కూతురి వైపు చూడకుండా అడిగాడు. "నేను నిన్ను ముద్దుపెట్టుకుని ఉంటే నీకు అప్పుడే వచ్చేదా?"

ఆమె నర్సక్క వైపు చూసింది. నర్సక్క తల ఊపింది. "వచ్చి ఉండొచ్చు."

"చూశావా," అన్నాడు ఆయన. కానీ గెలిచిన గొంతు కాదు. "మీ అన్న పోయాక భయం పట్టుకుందమ్మా. నువ్వు పాలు తాగి పడుకున్నప్పుడు వంగేవాణ్ణి. నుదుటిదాకా వచ్చి ఆగిపోయేవాణ్ణి. ఎన్నిసార్లో."

ఆమెకు ఆ సంగతి ఎన్నడూ తెలియదు. తండ్రికి ముద్దులంటే సరిపడదనే అనుకుంది ఇన్నేళ్ళూ.

"నాన్నా, నువ్వు ఆగావు కాబట్టే నా రక్తం అంతమంది పసివాళ్ళకి పనికొచ్చింది," అంది. "ఈ అక్కనడుగు, ఎంతమంది ఇళ్ళకెళ్ళారో. అది నా గొప్ప కాదు, నీదే."

నర్సక్క ఏదో సీసా వెతుక్కునే నెపంతో అటు తిరిగింది.

"మరి ఇప్పుడు?" అన్నాడాయన.

"ఇప్పుడా భయం లేదు. నీ ఒంట్లో ఉన్నది నా ఒంట్లోనూ ఉంది."

బయటికొచ్చాక బస్సు కోసం నిలబడ్డారు. సన్నగా తుంపర పడుతోంది. ఆయన చేతికర్రను మోచేతికి తగిలించుకుని, రెండు చేతులా కూతురి తల పట్టుకుని కిందికి వంచాడు. ఆమె ఆయనకంటే పొడుగు. అలవాటు లేని పని కదా, గురి తప్పి ఇద్దరి కళ్ళజోళ్ళూ టక్కుమని కొట్టుకున్నాయి. ఆయనది వంకరపోయింది. రెండోసారి సరిగ్గా నుదుటి మీద పెట్టాడు. పక్కన నిలబడ్డవాళ్ళు చూస్తున్నారని ఇద్దరికీ తెలుసు. తలనెరిసిపోతున్న కూతురు, కర్ర పట్టిన తండ్రి. బస్సొచ్చింది, వెళ్ళిపోయింది. తర్వాతి బస్సెక్కారు.

చెల్లెలు గది చూసుకోనే లేదు. బాతు బదులు తాత కొత్త బొమ్మ కొనిచ్చాడు, అది మరిగించకుండానే ఇచ్చాడు. ఆయన వేడినీళ్ళ పిచ్చి పూర్తిగా పోయిందని చెప్పలేం, కాస్త సడలింది. ఆ ఇంటికి అప్పట్నుంచి రొంపలూ దగ్గులూ ఒకరి తర్వాత ఒకరికి వంతులవారీగా వచ్చిపోతూనే ఉన్నాయి. బుడంకాయ క్రెష్ నుంచి తెచ్చేది, తాతకు అంటించేది, తాత పెద్దమ్మకు అంటించేవాడు. ముగ్గురూ ఒకే దుప్పటి కింద ముక్కులు చీదుకుంటుంటే, చెల్లెలు పిండి చేతులతో గుమ్మంలో నిలబడి, "ఇదేం కొంపో," అని నవ్వేది.

నర్సక్క చెప్పిన గడువు తీరాక ఆమె మళ్ళీ రక్తమివ్వడానికి వెళ్ళింది. పసిపిల్లల కోసం ఇప్పుడు ఇంకెవరిని పిలుస్తున్నారని అడిగింది. బస్సులు బాగుచేసే ఒక కుర్రాడు దొరికాడనీ, వాడికి సూదంటే చచ్చేంత భయమనీ, అయినా వస్తున్నాడనీ నర్సక్క చెప్పింది. ఆమె మనసు తేలికపడింది. కోటు చెయ్యి మడిచి పడుకుంది.

"ఈసారి ఎవరికి వెళ్తుందక్కా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఎవరికి అవసరమైతే వాళ్ళకి," అంది నర్సక్క, నరం కోసం వేలితో తడుముతూ. "పిడికిలి బిగించు."